ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేయకండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆటలు నేర్పి పదవీ విరమణ చేసిన వ్యాయామ ఉపాధ్యాయుడిని. చివరి ఏళ్లలో, సంక్రాంతి సెలవులు ముగిసేసరికి పదో తరగతి టైం టేబులులో నా పీరియడు ఉండేది కాదు. లెక్కలకో, సైన్సుకో వెళ్లిపోయేది. పిల్లలు కిటికీలోంచి మైదానం వైపు చూసేవారు. నేను స్టాఫ్ రూములో రిజిస్టర్లు రాసేవాడిని. ఆ బాధ ఇంకా తీరలేదు.

ఆట చదువుకు అడ్డమని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తుకొస్తారు. 1909లో మన హైదరాబాదులోనే పుట్టారు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఉన్నత విద్యను ఉర్దూలో బోధించిన ఆ రోజుల్లో చదువుకున్నారు. అక్కడి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి ఆడే ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుకొని చాదర్‌ఘాట్ హైస్కూలు దాకా పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసింది ఉపాధ్యాయుడైన తరువాతే. తరగతి గదినీ మైదానాన్నీ ఆయన వేరుగా చూడలేదు.

శిక్షకుడిగా ఆయన చేసిన ప్రతి పనిలోనూ నాకు బడిపంతులే కనిపిస్తారు. బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో తానే నడుపుకుంటూ పోవడం) లేని పోటీలు పెట్టారు. బలం లేని కాలితోనే ఆడాలనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపారు. ఏ లెక్క తప్పుతున్నాడో ఆ లెక్కనే మళ్లీ మళ్లీ చేయించే మాస్టారి పద్ధతి అది! సికింద్రాబాదు నుంచి సాధనకు రావడానికి స్తోమత లేని తులసీదాస్ బలరాంకు సైకిలు అద్దె డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. ఆ కుర్రాడు తరువాత ఒలింపిక్స్‌లో ఆడాడు.

ఫలితాలు మీకు తెలిసినవే. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు.

ఈ రోజు బలరాం లాంటి పిల్లవాడు మన నగరంలో ఇంటర్మీడియట్‌లో చేరితే ఎక్కడ ఆడాలి? నాలుగంతస్తుల భవనం, కింద వాహనాలు, పైన హాస్టలు. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. పదహారేళ్ల ఒళ్లు అలా ముడుచుకుని కూర్చోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నేను కొత్త పథకమేదీ అడగడం లేదు. ఆటస్థలం కాగితం మీద కాకుండా నేల మీద చూపించిన కళాశాలకే గుర్తింపు పొడిగించండి. వారానికి రెండు ఆటల పీరియడ్లను, పరీక్షల నెలలో సైతం, మరే పాఠానికీ వాడకూడదని ఉత్తర్వు ఇవ్వండి. ఖాళీగా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులను నింపండి.

వీలైతే ఒక సాయంత్రం, ముందుగా కబురు పెట్టకుండా, ఏదైనా జూనియర్ కళాశాలకు వెళ్లండి. బంతి ఎక్కడ ఉందో పిల్లలను అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సికింద్రాబాదు