జరిమానా సరే, జీతం బకాయి మాటేమిటి?

సంపాదకులకు,

ఆర్యా,

అనుమతి పత్రాలు లేని విదేశీయులను పనిలో పెట్టుకున్న యజమానులను కఠినంగా శిక్షించాలన్న వాదన అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మళ్లీ బలపడుతున్నదని తరచుగా వార్తలు వస్తున్నాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా విదేశాలకు వెళ్లినవారు ఉన్నందువల్ల ఈ వార్తలను పరాయి దేశపు గొడవగా చదివి పక్కన పెట్టలేము. కార్మిక శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో ఎక్కువ కాలం ఈ జిల్లాలోనే మస్టరు రిజిస్టర్లు తిరగేస్తూ గడిపినవాడిని కనుక ఈ విషయమై నాలుగు మాటలు రాయాలనిపించింది. యజమానికి శిక్ష పడవలసిందే. అయితే ఆ యజమాని నుంచి రాబట్టే సొమ్ములో మొదటి వంతు పని చేసినవాడి జీతం బకాయిగా అతని చేతికి చేరకపోతే, చట్టం ఎంత కఠినమైనదైనా దాని బరువు చివరికి కూలివాడి నెత్తినే పడుతుంది.

అమెరికా అనుభవాన్నే చూద్దాం. 1952లో ఆ దేశం చేసిన వలస చట్టంలో, అనుమతి లేకుండా వచ్చినవారికి ఆశ్రయమివ్వడం నేరమని రాసి, పనిలో పెట్టుకోవడం మాత్రం ఆశ్రయమివ్వడం కిందికి రాదని ఒక మినహాయింపు చేర్చారు. పెద్ద పెద్ద కమతాల యజమానుల పలుకుబడితో చేరిన ఆ మినహాయింపును అక్కడ ‘టెక్సాస్ ప్రొవైజో’ అంటారు. అంటే ఇంట్లో దాచి అన్నం పెడితే నేరం, అదే మనిషి చేత పొద్దస్తమానం పత్తి తీయిస్తే నేరం కాదు. ఈ విచిత్రం 34 ఏళ్లు నడిచింది. 1986 నవంబరు 6న అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టంతో, అనుమతి లేదని తెలిసి ఒకరిని పనిలో పెట్టుకోవడం తొలిసారిగా దేశమంతటా శిక్షార్హమయింది. సుమారు 27 లక్షల మందికి నివాస హక్కు కల్పించిన చట్టం కూడా అదే. యజమానికి తొలి తప్పుకు ఒక్కొక్క కార్మికుడి లెక్కన 250 నుంచి 2,000 డాలర్ల వరకు, మూడోసారి దొరికితే 10,000 డాలర్ల వరకు జరిమానా, అదే అలవాటుగా సాగించేవారికి ఆరు నెలల వరకు జైలు అని అందులో రాశారు. జరిమానా అంకెలు తరవాతి కాలంలో పెరిగాయి.

కిటుకంతా ‘తెలిసి’ అన్న ఒక్క మాటలో ఉంది. పనిలో చేరేవాడు చూపిన పత్రాలు పైకి అసలైనవిగా కనిపిస్తే చాలు, ఐ-9 అనే ఫారం నింపి దగ్గర పెట్టుకున్న యజమాని తన బాధ్యత తీర్చుకున్నట్టే. అంతకు మించి ఆరా తీస్తే ఫలానా దేశంవాడని వివక్ష చూపినందుకు మరో సెక్షను కింద చిక్కుల్లో పడే అవకాశం కూడా ఉంది. కనుక దొంగ కార్డును చూసీ చూడనట్టు తీసుకుని ఫైల్లో పెట్టుకోవడం యజమానికి అన్ని విధాలా క్షేమం. ఈ ఫారం సంగతి చదివినప్పుడల్లా నాకు నరసరావుపేట వైపు ఒక ఇటుక బట్టీలో చూసిన రిజిస్టరు గుర్తొస్తుంది. ఒడిశా నుంచి వచ్చిన ముప్ఫై మంది జీతం ముట్టినట్టు ముప్ఫై వేలిముద్రలు వేసి ఉన్నాయి. భూతద్దం అక్కరలేకుండానే తెలిసిపోయేటట్టు ఆ ముప్ఫై ముద్రలూ ఒకే బొటనవేలివి. కాగితం మాత్రం సక్రమంగా ఉంది.

యజమాని కాగితం చూపించి తప్పుకునే దారి ఒకటుంటే, పని మరొకరి పేర చేయించుకోవడం రెండో దారి. 2003 అక్టోబరులో అమెరికాలోని 21 రాష్ట్రాల్లో 60 వాల్‌మార్ట్ దుకాణాల మీద దాడి చేసి, రాత్రిళ్లు నేల తుడిచే పనివారిని సుమారు 245 మందిని పట్టుకున్నారు. వారంతా కాంట్రాక్టర్ల మనుషులని ఆ సంస్థ చెప్పింది. తప్పు ఒప్పుకోకుండానే 2005లో కోటీ పది లక్షల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. అంత పెద్ద వ్యాపారానికి అది ఏపాటి సొమ్మో పాఠకులకు చెప్పనక్కరలేదు. మన దగ్గర మేస్త్రీ, బట్టీల్లో సర్దారు చేసే పని అక్కడ కాంట్రాక్టరు చేస్తాడు, అంతే తేడా.

2008 మే 12న అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో జరిగిన సంగతి ఇంకా బాధాకరమైనది. అక్కడి మాంసం కర్మాగారం మీద దాడి చేసి 389 మందిని అరెస్టు చేశారు. వారిలో అధిక భాగం గ్వాటెమాలా నుంచి వచ్చిన పేదలు. పశువుల సంత జరిగే ప్రాంగణంలో తాత్కాలిక కోర్టులు పెట్టి, కొద్ది రోజుల్లోనే సుమారు 300 మందికి, చాలామందికి ఐదేసి నెలల చొప్పున, జైలు శిక్షలు వేశారు. కర్మాగారం నడిపిన పెద్దమనిషికి తరవాత శిక్ష పడిన మాట నిజమే. కానీ అది బ్యాంకును మోసగించినందుకు పడింది. వలస కార్మికులను పెట్టుకున్నాడన్న అభియోగాలను ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. 2019 ఆగస్టు 7న మిసిసిపీలో కోళ్ల కర్మాగారాల మీద దాడుల్లో ఒక్క రోజున 680 మందిని పట్టుకుంటే, ఏడాది గడిచాక నలుగురు మేనేజర్ల మీద అభియోగాలు మోపారు. పట్టుబడినవారు వందల్లో, జవాబు చెప్పవలసినవారు వేళ్ల మీద లెక్కించేటంత మంది. యజమానులను శిక్షించే చట్టమని పేరుపెట్టుకున్న దాని ఫలితం ఇది.

శిక్ష పెంచితే సరిపోతుందని కొందరు అంటారు. అరిజోనా రాష్ట్రం 2008 నుంచి, తప్పు చేసిన సంస్థ లైసెన్సును మొదటిసారి నిలిపివేయడానికి, రెండోసారి శాశ్వతంగా రద్దు చేయడానికి చట్టం తెచ్చింది. అమెరికా సుప్రీంకోర్టు 2011లో దానిని సమర్థించింది. బ్రిటన్ 2024 ఫిబ్రవరిలో తన జరిమానాను ఒక్కొక్క కార్మికుడికి 15,000 పౌండ్ల నుంచి 45,000 పౌండ్లకు, మళ్లీ దొరికితే 60,000 పౌండ్లకు పెంచింది. ఇవి యజమానిని భయపెట్టే అంకెలే. ఆ భయం ఏ రూపం తీసుకుంటుందన్నది వేరే ప్రశ్న. 1986 చట్టం వల్ల యజమానులు విదేశీయుల్లా కనిపించేవారినీ, వేరే యాసలో మాట్లాడేవారినీ పనికి తీసుకోవడానికి వెనకాడారనీ, వివక్ష విస్తృతంగా పెరిగిందనీ అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయమే 1990లో నివేదిక ఇచ్చింది. సక్రమంగా వీసా ఉన్న మన పిల్లలు కూడా ఆ వివక్షకు గురయ్యేవారిలో ఉంటారు.

నా అసలు అభ్యంతరం జీతం దగ్గర. జోసే కాస్ట్రో అనే కార్మికుడు యూనియన్ పెట్టడానికి సహకరించినందుకు అతన్ని అక్రమంగా పని నుంచి తీసేశారని అమెరికా కార్మిక బోర్డు తేల్చి, పోగొట్టుకున్న జీతం కింద సుమారు 67 వేల డాలర్లు ఇవ్వాలన్నది. అతనికి పత్రాలు లేవు కనుక ఇవ్వనక్కరలేదని 2002లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసుగా దీనికి పేరు. నిజానికి చేసిన పనికి జీతం మాత్రం, పత్రాలున్నా లేకున్నా, 1938 నాటి వేతన చట్టం కింద రావలసిందే. ఈ తేడాను చాలామంది గమనించరు, యజమానులు గమనించనివ్వరు. బ్రిటన్ మరో అడుగు వెనక్కి వేసింది. 2016 చట్టం ప్రకారం అనుమతి లేకుండా పని చేయడమే అక్కడ నేరం, ఆ పని మీద వచ్చిన కూలిని నేరపు సొమ్ముగా జప్తు చేయవచ్చు. పగలంతా అంట్లు తోమి సంపాదించిన డబ్బునూ దొంగతనం సొత్తునూ ఒకే గాటన కట్టారన్నమాట.

దీనికి భిన్నంగా యూరోపియన్ యూనియన్ 2009లో 52వ నంబరు ఆదేశం జారీ చేసింది. అనుమతి లేనివారిని పెట్టుకున్న యజమాని జరిమానాతో పాటు వారికి బాకీపడిన జీతమంతా చెల్లించాలి. ఎంతకాలం పని చేశాడన్న దానికి రుజువు లేనప్పుడు కనీసం మూడు నెలలు చేసినట్టే భావించాలి, కాదంటే కాదని నిరూపించుకోవలసిన భారం కాదన్నవారి మీదే ఉన్నది. కార్మికుడు స్వదేశానికి తిరిగి వెళ్లిపోయినా బాకీ పంపాలి. ఉపకాంట్రాక్టరు ఎగవేస్తే పై కాంట్రాక్టరు బాధ్యుడు. అమలులో లోపాలు లేవని నేననను. కానీ రిజిస్టరు లేని చోట ఏమి జరుగుతుందో తెలిసినవాళ్లే ‘మూడు నెలలు’ అన్న ఆ ఊహను రాయగలరు. నా ఉద్యోగ కాలంలో అటువంటి ఒక్క వాక్యం మన చట్టంలో ఉంటే ఎన్ని తగాదాలు ఒక్క పూటలో తెగిపోయేవో అనుకుంటూ ఉంటాను.

మన చట్టంలో మంచి లేదని కాదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమానే ఇచ్చుకోవాలని స్పష్టంగా చెప్పింది. ఫొటో అంటించిన పాస్‌బుక్కు, రానుపోను ఖర్చులు, స్థానభ్రంశ భత్యం అన్నీ అందులో ఉండేవి. ఐదుగురు వలస కార్మికులున్నా వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల్లో అది కలిసిపోయినప్పుడు ఆ పరిమితి పది మందికి పెరిగింది. మిరప కోతలకు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చేవారు మన రాష్ట్రం వారే, మన భాష వారే. వారికే లెక్క సరిగా అందని సందర్భాలు చూసినవాడిగా, భాష రాని దేశంలో, పత్రం లేని మనిషికి లెక్క అందుతుందని ఎలా నమ్మను?

గల్ఫ్ సంగతి వేరే చెప్పాలి. కఫీల్, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, దగ్గర నుంచి జీతం రాకనో, దెబ్బలు తాళలేకనో బయటపడి, అకామా అనే నివాస అనుమతి కార్డు లేకుండా దొరికిన పని చేసుకునేవారిని అక్కడి మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అంటారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖాదీం (ఇంటిపని) వీసాల మీద వెళ్లిన స్త్రీలలోనూ ఇలా అయినవారు ఉన్నారు. వీరు పత్రాలు లేకుండా వెళ్లినవారు కారు, అక్కడికి వెళ్లాక యజమాని చేతిలో పత్రాలు పోగొట్టుకున్నవారు. ఐక్య అరబ్ ఎమిరేట్స్ 2024లో చట్టం సవరించి, అనుమతి లేనివారితో పని చేయించుకుంటే లక్ష నుంచి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి డిసెంబరు ఆఖరు వరకు క్షమాభిక్ష ప్రకటించి, దేశం విడిచిపోవడానికో పత్రాలు సరిచేసుకోవడానికో అవకాశమిచ్చింది. కువైట్ కూడా 2018లో, 2024లో ఇటువంటి గడువులు ఇచ్చింది. క్షమాభిక్ష అనే మాటే నాకు రుచించదు. జీతం ఎగ్గొట్టించుకున్నవాడిని క్షమించడమేమిటి? పైగా, విమానం ఎక్కేవాడిని నీకు రావలసినదెంత అని అడిగి రాసుకునే బల్ల ఒకటి తప్పనిసరిగా పెట్టాలన్న ఆలోచన ఈ గడువుల వార్తల్లో ఎప్పుడూ కనిపించదు.

ఇంతవరకు పరాయి యజమానుల గురించి రాశాను. ఇక మనవాళ్ల గురించి. చదువు కోసం అమెరికా వెళ్లిన విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్ లోపల మాత్రమే పని చేసుకోవచ్చు. బయట అనుమతి లేకుండా పని చేస్తే అతని స్టేటస్, అంటే విద్యార్థిగా ఆ దేశంలో ఉండే అర్హత, పోతుంది. అయినా గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో క్యాష్ జాబులు చేసేవారు ఎందరో బ్రాడీపేటలోనూ బెంజి సర్కిల్ దగ్గరా ఉన్న కన్సల్టెన్సీల వారికి తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. పార్ట్‌టైమ్ చేసుకుంటే అప్పు వడ్డీ వెళ్లిపోతుందని లెక్క కట్టి పంపేది ఇక్కడి నుంచే. ఆ పని ఇచ్చేవారిలో తెలుగువారూ ఉన్నారు. ఊరి పిల్లవాడని చేరదీశామంటారు, చేరదీసిన మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ 2009 నుంచి గంటకు 7.25 డాలర్లుగా ఉన్న ఫెడరల్ కనీస వేతనాన్ని కూడా ఇవ్వకుండా చేరదీయడాన్ని ఏమనాలి?

మా వీధి కుర్రవాడొకడు టెక్సాస్‌లో ఇటువంటి చోట గంటకు ఆరు డాలర్లకు కుదిరాడు. 2025 జనవరిలో అక్కడ ప్రభుత్వం మారి, తనిఖీల భయం పెరిగాక పని మానుకున్నాడు. అప్పటికి రెండు నెలల జీతం రావాలి. అడిగితే, ‘నువ్వు ఫిర్యాదు చేస్తే నీ స్టేటస్సే పోతుంది, ఆలోచించుకో తమ్ముడూ’ అని యజమాని చెప్పాడట. పిల్లవాడు చేసింది తప్పు కాదని నేను వాదించను, వీసా షరతు తెలిసే చేశాడు. ఆ తప్పుకు అతను చదువును పణంగా పెట్టాడు. మరి అదే తప్పులో సగం వాటాదారైన యజమాని పణం పెట్టిందేమిటి? చట్టం అతనికి జరిమానా వేసే లోపల అదే చట్టాన్ని చూపి అతను జీతం మిగుల్చుకున్నాడు.

కనుక యజమానులను శిక్షించాలని అక్కడి తెలుగు సంఘాలు కోరినా, ఇక్కడి నాయకులు మాట్లాడినా, జరిమానా అంకెతో ఆగవద్దని నా మనవి. ఫిర్యాదు చేసినవాడిని ఆ ఫిర్యాదు తెగేవరకు పంపివేయకూడదన్న షరతు, యూరప్‌లో లాగా మూడు నెలల ఊహ, కాంట్రాక్టరు పైవాడి బాధ్యత, ఈ మూడూ లేని జరిమానా యజమాని దృష్టిలో వ్యాపార ఖర్చు మాత్రమే. మన ప్రభుత్వం పరాయి దేశపు చట్టాన్ని మార్చలేకపోవచ్చు గాని, తాడేపల్లిలోని ప్రవాసాంధ్రుల సంస్థ ద్వారా, తిరిగి వచ్చినవారి జీతం బకాయిలను రాయించుకుని, అక్కడి కార్మిక శాఖలకు వారి తరఫున పంపే ఏర్పాటు చేయవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చినవారిని గన్నవరంలో దిగిన రోజునే అడగవచ్చు. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు, ఒక ఫారం, దానిని చదివే ఒక గుమస్తా ఉంటే చాలు.

మా వీధి కుర్రవాడు చదువు ముగించుకుని ఇటీవలే ఇంటికి తిరిగి వచ్చాడు. పని చేసిన గంటలన్నీ తేదీలతో సహా ఫోనులో రాసి పెట్టుకున్నాడు. బకాయిపడ్డ రెండు నెలలకు మొత్తం 212 గంటలు, కుదుర్చుకున్న రేటున 1,272 డాలర్లు, కనీస వేతనం రేటున 1,537 డాలర్లు. ఆ దేశపు వేతన చట్టం కింద దావా వేయడానికి గడువు రెండేళ్లు, యజమాని కావాలని ఎగవేశాడని రుజువైతే మూడేళ్లు. మొదటి గడువులో ఏడాదికి పైగా ఇప్పటికే గడిచిపోయింది.

ఇట్లు,
విశ్రాంత కార్మిక శాఖ ఉద్యోగి,
బ్రాడీపేట, గుంటూరు.