సేల్స్, ట్రేడింగ్ ఉద్యోగాలపై విద్యార్థులకు సగమే చెబుతున్నారు

సంపాదకుడి గారికి నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో కామర్స్, ఎంబీఏ చదువుతున్న మన తెలుగు పిల్లలకు ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకుల ఉద్యోగాలపై మోజు పెరిగింది. మంచిదే. అయితే ఇక్కడ వెలిసిన కొన్ని శిక్షణ సంస్థలు తమ కరపత్రాల్లో ట్రేడింగ్‌ను, అంటే బ్యాంకు తరఫున బాండ్లు, కరెన్సీల వంటివి కొని అమ్మే పనిని తెలివైనవాడి కొలువుగానూ, సేల్స్‌ను, అంటే ఖాతాదారులతో మాట్లాడి ఆ బేరాలు తెచ్చే పనిని అది దక్కనివాడికి మిగిలే పనిగానూ చూపుతున్నాయి. కాలేజీల ప్లేస్‌మెంట్ విభాగాలు కూడా ఆ మాటను సరిదిద్దడం లేదు. ముంబయిలో ఒక బ్యాంకు ట్రెజరీలో (బాండ్లు, విదేశీ మారకం లావాదేవీలు చూసే విభాగంలో) పనిచేసి రిటైరైనవాడిగా ఈ విషయం మీ దృష్టికి తెస్తున్నాను.

ఒక బీమా కంపెనీ 100 కోట్ల రూపాయల ముఖవిలువ గల పదేళ్ల ప్రభుత్వ బాండ్లను అమ్మదలచి ఫోన్ చేస్తే, ఆ ఫోన్ ఎత్తేది సేల్స్ ఉద్యోగి. ట్రేడర్‌ను అడిగి ధర చెప్పేదీ, బేరం కుదిర్చేదీ ఆయనే. బేరం కుదిరిన క్షణం నుంచి బ్యాంకు కొన్న ఆ బాండ్ల బరువు ట్రేడర్ నెత్తిన పడుతుంది. వంద రూపాయల బాండుపై 10 పైసలు తగ్గితే బ్యాంకుకు 10 లక్షల నష్టం. 2022 మే 4న మధ్యాహ్నం 2 గంటలకు, ఎవరూ ఎదురుచూడని వేళ, రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచగానే, వడ్డీలు పెరిగితే పాత బాండ్ల విలువ తగ్గుతుంది కనుక, బాండ్ల ధరలు పడిపోయాయి. అలాంటి పూట చేతిలో ఉన్న సరుకును నష్టానికి వదిలించుకోవాలా, ఆగాలా అన్నది ట్రేడర్ అప్పటికప్పుడు తేల్చుకోవాలి. సేల్స్ ఉద్యోగి అదే కబురును ఒక్కొక్క ఖాతాదారుకు వారి ఆందోళనకు తగ్గట్టుగా, అబద్ధమాడకుండా సాయంత్రం దాకా వివరిస్తూ ఉండాలి. ఈ రెండో పని తేలికని అనుకునేవారు ఆ కుర్చీలో ఒక్క పూట కూర్చుని ఉండరు.

సేల్స్‌కు పూచీ కూడా తక్కువేమీ కాదు. కొందరు ఎగుమతిదారులకు వారికే అర్థంకాని విదేశీ మారక డెరివేటివ్‌లను (డాలరు వంటి కరెన్సీల ధరను బట్టి లాభనష్టాలు తేలే ఒప్పందాలను) అంటగట్టారన్న వివాదాలు 2008 ప్రాంతంలో కోర్టుల దాకా వెళ్లాయి. డెరివేటివ్‌ల నిబంధనలు పాటించనందుకు 2011లో రిజర్వు బ్యాంకు 19 బ్యాంకులకు జరిమానా వేసింది. మూడు నెలల తర్వాత డాలర్లు రావలసిన రొయ్యల వ్యాపారికి ఫార్వర్డ్ కాంట్రాక్టు (ముందు తేదీకి డాలరు ధరను ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందం) అంటే ఏమిటో, అందులో ఆయన వదులుకునేది ఏమిటో ఆయన భాషలోనే చెప్పగలగడం ఈ ఉద్యోగంలో పెద్ద ఆస్తి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడే మన సరిహద్దు పిల్లలు దాన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంది.

ఇక ఫోన్‌లో ఆప్షన్లు (షేర్లను ముందుగా ఖాయం చేసిన ధరకు కొనే లేదా అమ్మే హక్కులు) కొని అమ్మడాన్నే ట్రేడర్ ఉద్యోగానికి సాధనగా ఈ శిక్షణ సంస్థలు చెప్పడం మరీ అన్యాయం. 2021-22 నుంచి 2023-24 వరకు ఈక్విటీ (షేర్ల) ఫ్యూచర్స్, అంటే ముందు తేదీకి ధర ఖాయం చేసుకునే ఒప్పందాల్లోనూ, ఆప్షన్లలోనూ దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారనీ, ఆ నష్టం మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందనీ షేర్ల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే చెప్పింది. బ్యాంకు ట్రేడర్ ఆడేది సొంత సొమ్ముతో కాదు. ఆయనకు పరిమితులుంటాయి, వాటిని కాపలా కాసే రిస్క్ విభాగం వేరే ఉంటుంది, ఆదాయంలో చాలా భాగం ఖాతాదారులకు చెప్పే కొనుగోలు, అమ్మకపు ధరల మధ్య తేడా నుంచి వస్తుంది. మదుపు పాఠాలు మాత్రమే చెబుతున్నామనేవారు గత 3 నెలల మార్కెట్ ధరలను వాడకూడదని సెబీ 2025 జనవరిలో స్పష్టం చేసిన తర్వాత కూడా ఇక్కడ 'లైవ్ మార్కెట్ శిక్షణ' అనే బోర్డులు కనిపిస్తున్నాయి. (అలాంటి ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తున్నాయని గమనించ మనవి.)

ప్రాంగణ ఎంపికలకు వచ్చే సంస్థల నుంచి ఉద్యోగం ఏ విభాగంలో, ఏ ఊళ్లో, ఏ పని అన్నది కాలేజీలు ముందే రాతపూర్వకంగా తీసుకుని నోటీసు బోర్డులో పెట్టాలి. హైదరాబాద్‌లోని విదేశీ బ్యాంకుల కార్యాలయాల్లో ఎక్కువ భాగం టెక్నాలజీ, ఆపరేషన్స్, రిస్క్ ఉద్యోగాలే. సేల్స్, ట్రేడింగ్ డెస్కులు ప్రధానంగా ముంబయిలో ఉంటాయి. ఈ సంగతి చేరిన తర్వాత కాక, దరఖాస్తు చేసే ముందే పిల్లలకు తెలియాలి. మీ విద్యా పేజీలో ఈ రెండు విభాగాల్లోనూ పనిచేసినవారి చేత వరుసగా వ్యాసాలు రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా