జపాన్ ఎన్నికల వార్తల్లో లెక్క తప్పుతోంది

సంపాదకులకు,

జపాన్‌లో పాలక పార్టీ ఓడిన ప్రతిసారీ మన పత్రికల్లో రెండు మాటలు కనిపిస్తాయి. ఒకటి 'ప్రభుత్వం కూలింది', రెండోది 'చక్రవర్తి ఆహ్వానించారు'. రెండూ సరికాదు. అక్కడ చక్రవర్తి ఎవరినీ పిలవరు. ప్రధాని పేరును పార్లమెంటే తేలుస్తుంది, ఆ పేరు మీద ఆయన నియామకం జరుపుతారు, అంతే. ఎన్నికల తర్వాత 30 రోజుల్లోగా పార్లమెంటు సమావేశం కావాలి. ఆ రోజున పాత మంత్రివర్గం మొత్తం రాజీనామా చేయాలి. గెలిచినా సరే, అది రాజ్యాంగంలోని 70వ అధికరణం. కాబట్టి 'మంత్రివర్గం రాజీనామా' అన్న వార్తకు దానంతట అదే అర్థం ఏమీ లేదు. చూడాల్సింది ఆ వెంటనే ప్రధాని ఎంపికకు పడే ఓటు చీటీలను.

2024 అక్టోబరు 27 ఎన్నికలే తీసుకోండి. 465 స్థానాల దిగువ సభలో మెజారిటీకి 233 కావాలి. పాలక లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ)కి 191, మిత్రపక్షం కొమెయితోకు 24, కలిపి 215 వచ్చాయి. పార్టీ నిధుల కుంభకోణం దెబ్బ అది. అయినా నవంబరు 11న షిగేరు ఇషిబాయే మళ్లీ ప్రధాని అయ్యారు. మొదటి విడతలో ఎవరికీ సగం దాటకపోతే, మొదటి ఇద్దరి మధ్య రెండో విడత జరుగుతుంది. అందులో సగం దాటాలన్న నియమం లేదు, ఎదుటివారికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. మూడో పేరు రాస్తే చీటీ చెల్లదు. ఇషిబాకు 221, ప్రతిపక్ష నేత యోషిహికో నోడాకు 160 పడ్డాయి, 84 చీటీలు చెల్లలేదు. ప్రతిపక్షంలోనే ఉన్న ఇషిన్ పార్టీకి 38 మంది, డెమోక్రటిక్ పార్టీ ఫర్ ది పీపుల్‌కు 28 మంది ఉన్నారు. వాళ్లు సొంత నాయకుల పేర్లే పట్టుకుని కూర్చున్నారు. ఆ 66 నోడాకు పడి ఉంటే 226 అయ్యేవి, ఇషిబా ఇంటికి వెళ్లేవారు. ఇదంతా తెలియక జరిగింది కాదు. ఓటు వేసే సభ్యుడి పేరు కూడా చీటీ మీద ఉంటుంది, దాచుకునే వీలు లేదు.

1993లో ప్రతిపక్షం ఆ పని చేసి చూపించింది. 511 స్థానాల్లో ఎల్‌డీపీ 223 గెలిచి అతిపెద్ద పార్టీగానే ఉంది. 35 మంది ఉన్న జపాన్ న్యూ పార్టీ నేత మొరిహిరో హొసొకావా పేరును మిగతావాళ్లలో ఎక్కువమంది కలిసి రాశారు, 38 ఏళ్ల ఎల్‌డీపీ పాలన ఆగింది. ఆ కూటమి ఏడాది కూడా నిలవలేదన్నది వేరే కథ. ఏడాది తిరక్కముందే ఎల్‌డీపీ తన బద్ధశత్రువులైన సోషలిస్టుల నేత తొమీచి మురయామాను ప్రధానిని చేసి, ఆ వెనకే అధికారంలోకి వచ్చేసింది.

ఇషిబాను చివరికి దించింది పార్లమెంటు కాదు, సొంత పార్టీ నిబంధనావళి. 2025 జూలై 20న ఎగువ సభ ఎన్నికలు జరిగాయి. అక్కడ మూడేళ్లకోసారి సగం స్థానాలకే పోలింగ్. పాలక కూటమికి పోటీలో లేని 75కి తోడు 50 వస్తే 248లో మెజారిటీ నిలిచేది, వచ్చింది 47. ప్రధాని ఎంపికలో దిగువ సభ మాటే చెల్లుతుంది గనుక చట్టం ప్రకారం ఆయనను వెళ్లమనేవారు లేరు. పార్టీ నియమాల ఆరో ఆర్టికల్ నాలుగో క్లాజు మాత్రం వేరే దారి చూపింది. 295 మంది ఎంపీలు, 47 రాష్ట్ర శాఖల ప్రతినిధులు కలిసి 342 మందిలో 172 మంది కోరితే గడువుకు ముందే పార్టీ అధ్యక్ష ఎన్నిక పెట్టాలి. కోరిన ఎంపీల పేర్లు బయటపెడతామన్నారు. అది బెదిరింపులా పనిచేస్తుందనుకున్నారేమో, చేయలేదు. ఆ లెక్క తేలాల్సిన సెప్టెంబరు 8కి ఒక్క రోజు ముందు ఇషిబా తప్పుకున్నారు.

తర్వాత సనాయే తకాయిచి పార్టీ అధ్యక్షురాలైన ఆరు రోజులకే కొమెయితో 26 ఏళ్ల పొత్తు తెంచుకుంది. అప్పుడు ఎల్‌డీపీకి ఉన్నది 196. ఇషిన్ 35తో కలిపితే 231, రెండు తక్కువ. స్వతంత్రులు కొందరు కలవడంతో అక్టోబరు 21న 237 ఓట్లతో మొదటి విడతలోనే ఆమె గట్టెక్కారు. ఇషిన్ మంత్రి పదవులు తీసుకోలేదు, మన భాషలో బయటి నుంచి మద్దతు.

ఓటమి ప్రభావం కుర్చీలో కాదు, కమిటీల్లో, పన్నుల్లో కనిపిస్తుంది. 2024 ఓటమి తర్వాత బడ్జెట్ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి పోయింది. విచారణ ఎప్పుడు, ఓటింగ్ ఎప్పుడు అన్నది ఆ కుర్చీ చేతిలోనే ఉంటుంది. 2025 బడ్జెట్ గట్టెక్కడానికి ఇషిన్ అడిగిన ఉచిత హైస్కూలు విద్యకు ఎల్‌డీపీ ఒప్పుకోవాల్సి వచ్చింది. పెట్రోలు సంగతి ఇంకా స్పష్టం. లీటరుకు 25.1 యెన్‌ల 'తాత్కాలిక' అదనపు పన్ను దశాబ్దాలుగా సాగింది. 2008 మార్చి ఆఖరున ప్రతిపక్షం చేతిలోని ఎగువ సభ బిల్లును కదల్చకపోవడంతో అది రద్దయింది. ఏప్రిల్ 30న దిగువ సభలో మూడింట రెండొంతుల బలంతో మళ్లీ ఆమోదించుకుని, మర్నాటి నుంచి పన్ను తిరిగి తెచ్చారు. 2025లో ఆ బలం, అంటే 310 మంది, పాలకపక్షానికి ఎక్కడిది? ఎగువ సభలో ఓడిన పది రోజులకే పన్ను ఎత్తేయడానికి పాలక, ప్రతిపక్షాల్లోని ఆరు పార్టీలు ఒప్పందానికి వచ్చాయి. 2025 డిసెంబరు 31న అది పోయింది.

ఇకపై జపాన్ ఫలితాలు వేసేటప్పుడు పార్టీల స్థానాల పట్టిక కింద మూడు అంకెలు చేర్చమని మనవి: దిగువ సభలో 233కు ఎంత దూరం, 310కి ఎంత దూరం, ఎగువ సభలో 125కు ఎంత దూరం. ఒక్క వరుస స్థలం చాలు.

ఇట్లు
మీ పాఠకుడు