డ్రా లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్ (చివర వల ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి, విసిరి గోల్ కొట్టే ఆట) ఉందని తేలినప్పటి నుంచీ ఆ ఆట పేరు క్రీడా పేజీల్లో అప్పుడప్పుడూ కనిపిస్తోంది. అమెరికా కాలేజీ మహిళా జట్ల మాటొస్తే మాత్రం ఎవరైనా చెప్పేది ఒకటే కథ. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ కోచ్ కెల్లీ అమోంటె హిల్లర్ క్యాంపస్‌లో జాగింగ్ చేస్తున్న కవల అక్కచెల్లెళ్లను చూసి జట్టులోకి పిలిచారు, ఆ జట్టే చాంపియన్ అయింది! కథ నిజమే. అక్కడితో ఆపేస్తే మాత్రం 2005 నుంచి 2009 దాకా వరసగా వచ్చిన అయిదు టైటిళ్లూ లాటరీ తగిలినట్టే ఉంటాయి.

నార్త్‌వెస్టర్న్ 1992లో ఈ జట్టును ఎత్తేసి, 2002లో మళ్లీ బరిలోకి దించింది. మూడేళ్లకే, 2005లో, ఒక్క ఓటమీ లేకుండా 21 మ్యాచులు గెలిచింది. ఆ విద్య మేరీలాండ్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. సిండీ టిమ్చల్ శిక్షణలో మేరీలాండ్ 1995 నుంచి 2001 వరకు ఏడేళ్లు వరసగా ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టైటిల్ వదల్లేదు. అందులో మొదటి రెండేళ్లు అమోంటె ఆ జట్టు క్రీడాకారిణి. తమాషా ఏమిటంటే, టిమ్చల్ మేరీలాండ్ వెళ్లకముందు కోచ్‌గా పనిచేసింది నార్త్‌వెస్టర్న్‌లోనే.

ఇంతకీ స్కోర్లు చూసేవాళ్లు పట్టించుకోనిది డ్రా. మ్యాచ్ సమంగా ముగిసే డ్రా కాదు, బంతి కోసం జరిగే పోటీ. గోల్ పడిన ప్రతిసారీ ఆట మైదానం మధ్య నుంచి మొదలవుతుంది. ఇద్దరు సెంటర్లు స్టిక్కుల తలలను, అంటే వల ఉండే చివరలను, వీపు వీపు ఆనించి, మధ్యలో బంతి ఇరికించి, కదలకుండా నిలబడతారు. విజిల్ పడగానే స్టిక్కులు పైకి లాగాలి, బంతి వాళ్ల తలల కంటే ఎత్తుకు లేవాలి. విజిల్‌కు ముందే మణికట్టు కదిలిందా, బంతి అవతలి జట్టుకు పోతుంది. బాస్కెట్‌బాల్‌లో బుట్ట పడితే బంతి ఎదుటివాళ్లది; ఇక్కడ గోల్ కొట్టిన జట్టే డ్రా గెలిచి మళ్లీ దాడికి దిగొచ్చు. ఎదుటి జట్టుకు బంతి తగలకుండానే నాలుగైదు గోల్స్ పడిపోవడం అందుకే. 2010 ఫైనల్లో నార్త్‌వెస్టర్న్ 6-0తో ముందుండి కూడా మేరీలాండ్ చేతిలో 13-11తో ఓడింది. ఆనాటి మేరీలాండ్ కోచ్ క్యాథీ రీస్, అమోంటె ఒకప్పుడు ఒకే జట్టులో ఆడినవాళ్లు.

స్టిక్ సంగతీ ఒక మాట. మహిళల స్టిక్‌లో వల లోతుగా ఉండకూడదు. బంతి వేసి పక్క నుంచి చూస్తే దాని పైభాగం అంచు మీదుగా కనబడాలి. అంత తక్కువ లోతులో బంతి నిలవాలంటే పరిగెత్తుతున్నంతసేపూ స్టిక్‌ను ఊయలలా ఊపుతూనే ఉండాలి. కొత్తవాళ్లు పై చేత్తో గట్టిగా బిగించి పట్టుకుంటారు, ఊపు ఆగిపోతుంది, బంతి జారిపోతుంది. వానలో తాళ్లు సాగి వల కిందికి దిగుతుంది. మ్యాచ్‌కు ముందు సరిగ్గా ఉన్న స్టిక్కే గోల్ కొట్టాక రిఫరీ తనిఖీలో తప్పవుతుంది, ఆ గోల్ పోతుంది. ఆట మధ్యలో వీలు దొరికినప్పుడల్లా తాళ్లు బిగించుకోవడం అందుకే.

2017లో 90 సెకన్ల షాట్ క్లాక్ (బంతి అందాక ఆ గడువులోపే గోల్‌కు కొట్టాలనే నియమం) వచ్చాక ఆధిక్యం దొరికిన జట్టు బంతిని అట్టిపెట్టుకుని కాలం గడపడం తగ్గింది. డ్రా విలువ మాత్రం తగ్గలేదు.

ఒలింపిక్స్‌లో ఆడబోయేది ఆరుగురి ఆట. అక్కడ డ్రా ప్రతి క్వార్టర్ మొదట్లోనే. గోల్ పడ్డాక గోల్‌కీపరే బంతి తీసి ఆడిస్తుంది. కాబట్టి ఆ స్కోర్లతో కాలేజీ జట్లను పోల్చకండి. మే నెలలో కాలేజీ ఫైనల్ ఫలితం వేసేటప్పుడు స్కోరు పక్కనే ఏ జట్టు ఎన్ని డ్రాలు గెలిచిందో కూడా వేయండి. ఒక్క లైను చాలు.

– లాక్రాస్ తెలిసిన మీ పాఠకులు