నీటి ఒడ్డున ఏటవాలు స్థలాల్లో ఇళ్లకు అనుమతి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పట్టణ ప్రణాళిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

సరస్సులు, నదులు, సముద్రం ఒడ్డున ఏటవాలుగా ఉన్న స్థలాల్లో ఇళ్లకు అనుమతి ఇచ్చే ముందు, ఆ వాలు మొత్తం నిలుస్తుందో లేదో తేల్చే పరిశీలనను తప్పనిసరి చేయవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సాధారణ నేల పరీక్ష పునాది కింది మట్టి ఎంత బరువు మోయగలదో చెబుతుంది. కానీ పునాది కింది మట్టి ఎంత గట్టిదైనా, అంతకంటే లోతున ఉన్న మెత్తని పొర ఒకటి జారితే ఇల్లూ పునాదీ కలిసే నీటిలోకి వెళ్తాయి.

1978 ఏప్రిల్ 29న నార్వేలోని రిస్సాలో జరిగింది ఇదే. ఒక పొలంలో కొట్టం విస్తరణ కోసం తవ్విన మట్టిని, సుమారు 700 ఘనమీటర్లు, సరస్సు ఒడ్డున పోశారు. ఆ బరువుకు ముందు ఒడ్డు అంచు తెగింది. ఆపైన వెనుక నేల వరుసగా విరుగుతూ, 50 లక్షల ఘనమీటర్లకు పైగా మట్టి ద్రవంలా పారింది. ఒకరు మరణించారు. అదే దేశంలోని యేర్‌డ్రమ్‌లో 2020 డిసెంబరు 30న ఇళ్ల కింద నేల కూలి 10 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒక వాగు ఏళ్ల తరబడి వాలు పాదాన్ని కోసుకుంటూ పోవడమే ముఖ్య కారణమని ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం తేల్చింది. ఈ రెండు చోట్లా ఉన్న, కదిలిస్తే ద్రవంలా మారే బంకమట్టి అన్నిచోట్లా ఉండదు. అయితే ఒడ్డు అంచున బరువు పెరగడం, వాలు పాదం తరిగిపోవడం మాత్రం ఏ మట్టికైనా ప్రమాదమే.

అన్నిటికంటే ముఖ్యమైనది నీరు. మట్టి రేణువులు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకుని ఉన్నంతవరకే వాలు నిలుస్తుంది. వాటి మధ్య చేరిన నీటి ఒత్తిడి పెరిగినకొద్దీ ఆ పట్టు సడలుతుంది. వరద నిండుగా ఉన్నప్పుడు బయటి నీరు వాలును కొంత ఆనుకుని నిలబెడుతుంది. వరద వేగంగా తీసినా, జలాశయాన్ని ఒక్కసారిగా ఖాళీ చేసినా, ఆ ఆసరా పోతుంది గాని బంకమట్టి లోపలి నీరు అంత త్వరగా బయటికి రాదు. నీరు తీసిందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయమే వాలుకు గడ్డుకాలం కావడం అందువల్లనే. ఎండాకాలంలో ఒక్కసారి వచ్చి, మట్టిని పరీక్షించడానికి ఒక్క బోరు వేసి రాసిన నివేదిక ఈ సంగతి పట్టుకోలేదు.

కాబట్టి బోర్లు వాలు పాదం మట్టం కంటే లోతుకు వెళ్లాలి. నీటి కింద దాగిన వాలును కూడా కొలవాలి, ఎందుకంటే సర్వే నీటి అంచు దగ్గర ఆగిపోతే అలలు, ప్రవాహం ఎక్కడ కోస్తున్నాయో తెలియదు. పీజోమీటర్లు (నేల లోపలి నీటి ఒత్తిడిని కొలిచే గొట్టాల వంటి పరికరాలు) అమర్చి కనీసం ఒక వానాకాలమంతా భూగర్భ నీటి మట్టాన్ని చూడాలి. వాలును నిలిపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చే భద్రతా గుణకం 1కి చేరితే వాలు జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. శాశ్వత కట్టడాలకు మామూలుగా 1.5 అడుగుతారు. ఏ నీటి మట్టానికి లెక్క కట్టారో చెప్పని గుణకాన్ని అధికారులు అంగీకరించకూడదని నా అభిప్రాయం. భూకంపాలు వచ్చే చోట ఆ కుదుపుకు కట్టిన లెక్క కూడా విడిగా ఉండాలి.

అనుమతి ఇచ్చే అధికారి స్వయంగా స్థలం తిరిగి చూడాలని కూడా కోరుతున్నాను. మొదలు దగ్గర వంగి పైకి తిరిగిన చెట్లు, ఒడ్డుకు సమాంతరంగా సాగి ఎండుటాకులతో పూడిన పగులు, ఎండాకాలంలోనూ వాలు నడుమ తడిగా ఉండి తుంగ మొలిచిన చోటు, వరుస తప్పిన కంచె స్తంభాలు ఏ నక్షాలోనూ కనిపించవు.

కట్టడం పూర్తయ్యాక యజమానులు చేసే పనులకూ షరతులు అవసరం. చదునైన పచ్చిక కోసం అంచున మట్టి నింపడం, కప్పు మీది వాన నీటిని వాలులోకి వదలడం, సోక్ పిట్‌ను అంచుకు దగ్గరగా తవ్వడం, నీరు బయటికి పోయే రంధ్రాలు లేకుండా మట్టిని ఆపే రిటైనింగ్ గోడ కట్టడం అనుమతి పత్రంలోనే నిషేధించాలి.

ఈ పరిశీలనకు ఖర్చు, ఆలస్యం తప్పవని తెలుసు. అయితే వాలు జారిపోయాక ఇంటిని తిరిగి నిలబెట్టే మార్గం దాదాపు ఉండదు. నివేదిక రాసే ఇంజనీరుకు డబ్బు చెల్లించేది స్థల యజమానే కనుక, దానిని సంబంధం లేని మరో నిపుణుడు సమీక్షించాలి. కొన్ని వాలుల మీద అసలు కట్టరాదన్నదే సరైన జవాబు అవుతుంది. అలా తిరస్కరించే అధికారాన్ని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. వాలు ఆస్తి హద్దుల దగ్గర ఆగదు గనుక, పైనా కిందా ఉన్న పొరుగువారికి అనుమతికి ముందే నివేదిక చదివి అభ్యంతరం చెప్పే హక్కు కల్పించాలని మనవి.

భవదీయుడు,
ఒక పౌరుడు