తాజా అరెస్టు రికార్డు పేరుతో వేరే మనిషి కేసు చూపించడంపై ఫిర్యాదు

కమ్మింగ్, జార్జియా
2025 సెప్టెంబరు 8

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

"మీ కౌంటీలో తాజా అరెస్టులు, జైలు బుకింగులు క్షణాల్లో" అని మీ కంపెనీ తెలుగులోనే ప్రకటన ఇచ్చింది. అది నమ్మి డబ్బు కట్టినవాణ్ణి కాబట్టి ఈ ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లిషు అనువాదం, నా బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ రాత్రి మీరిచ్చిన రిపోర్టు కాపీ దీనితో జత చేశాను.

ఆగస్టు 16, శనివారం. రాత్రి పదకొండుకి కాస్త ముందు మా అన్నయ్య కొడుకు రూమ్మేటు ఫోన్ చేశాడు. "అంకుల్, వాణ్ణి పోలీసులు తీసుకెళ్తున్నారంట. ఆ ముక్క చెప్పగానే ఫోన్ కట్టయింది" అన్నాడు. ఏ పోలీసులో, ఎక్కడికి తీసుకెళ్లారో అతనికీ తెలియదు. మావాడు ఇక్కడికి వచ్చి ఏడాది అయింది, ఎం.ఎస్. చదువుతున్నాడు. 141 రోడ్డు మీద మా ఇంటికి వస్తున్నాడన్నది ఒక్కటే మాకు తెలిసిన సంగతి. ఆ రోడ్డు గ్విన్నెట్ కౌంటీ మీదుగా వచ్చి, జాన్స్ క్రీక్ దగ్గర ఫుల్టన్‌లో నడిచి, ఇంకాస్త పైకొస్తే మా ఫోర్సైత్‌లోకి వస్తుంది. మనిషి ఎక్కడ కాపురం ఉంటున్నాడన్నది లెక్కలోకి రాదు, కారు ఎక్కడ ఆపారన్నదే లెక్క. జార్జియాలో 159 కౌంటీలున్నాయి. ఏ కౌంటీకి ఆ కౌంటీ షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి), చాలావరకు ఏ కౌంటీకి ఆ కౌంటీ జైలు. ఆ మూడింటిలో పిల్లాడు ఎక్కడున్నాడో తెలియక మా ఇంటిల్లిపాదీ నిలువుకాళ్ల మీద ఉన్నాం. సత్తెనపల్లిలో అప్పటికి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర. కబురు మా వదినకు ఎలాగో చేరిపోయింది, ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

మా భయం ఎందుకు అంత పెద్దదో మీకు తెలియాలి. ఈ ఏడాది వసంతంలో, పోలీసు డేటాబేసుల్లో పేరు తగిలిందన్న కారణంతో, చిన్న ట్రాఫిక్ కేసులున్నవాళ్లవీ, కేసు కొట్టేసినవాళ్లవీ కూడా, ప్రభుత్వం వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (ఇక్కడ చదువుకునే హోదాను నమోదు చేసే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేసింది. 133 మంది ఇక్కడి అట్లాంటా ఫెడరల్ కోర్టుకే వెళ్లారు. ఏప్రిల్ 18న న్యాయమూర్తి విక్టోరియా కాల్వర్ట్ తాత్కాలిక ఉత్తర్వు ఇస్తేగాని వాళ్లు ఊపిరి పీల్చుకోలేదు. అప్పటినుంచి చదువుకునే పిల్లలున్న ఏ తెలుగింట్లోనైనా "అరెస్టు" అన్న మాట వింటే గుండె జారిపోతోంది.

ఆ పరిస్థితిలో మీ సైటు తెరిచాను. పేరు కొట్టి, కౌంటీ ఎంచుకున్నాను. "జైలు రికార్డులు వెతుకుతున్నాం" అంటూ ఒక గీత ఐదారు నిమిషాలపాటు నత్తలా పాకింది. ఆ తర్వాత ఎర్ర అక్షరాల్లో "అరెస్టు రికార్డు దొరికింది" అని వచ్చింది. చూడాలంటే ఒక డాలరు కట్టమన్నారు, కట్టాను. మొదటి పేజీలో మావాడి పేరు, దాని పక్కన మారణాయుధంతో దాడి కేసు.

స్పీకర్ ఫోన్లో మా వదిన లైన్లోనే ఉంది. "ఏమైందయ్యా, ఏం రాశారు చెప్పు" అని అడుగుతుంటే ఉన్నదున్నట్టు చదివేశాను. అవతలనుంచి మాట ఆగిపోయింది. కాసేపటికి పక్కింటావిడ ఫోన్ తీసుకుని, ఆవిడ పడిపోయిందని చెప్పింది.

అది మావాడి రికార్డు కాదు. పేరు ఒకటే, మనిషి వేరు. వయసు 41 అని మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మావాడికి 23. బుకింగ్ జరిగింది 2021లో, మేం వెతికిన కౌంటీల్లో కాదు, జార్జియాలోనే మరో చోట. నాలుగేళ్ల నాటి బుకింగ్‌ను "తాజా అరెస్టు" అన్న శీర్షిక కింద మా ముందు పెట్టారు. ఆ కేసు చివరికి ఏమైంది, కొట్టేశారా, శిక్ష పడిందా అన్నది ఆ రిపోర్టులో ఎక్కడా లేదు.

చివరికి మావాడు దొరికింది గ్విన్నెట్ జైల్లో. దొరికిన దారి కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. తెల్లవారుజామున ఒకటిన్నర దాటాక కౌంటీ జైళ్లకు వరసగా ఫోన్ చేశాను. గ్విన్నెట్‌లో ఎత్తినామె ఓపికగా అడిగింది, "పాస్‌పోర్టులో పేరు ఎలా ఉంది?" అని. అప్పుడు వెలిగింది. మావాడి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. ఇంటిపేరు, పేరు కలిపి అంతా గివెన్ నేమ్ గడిలోనే ఉంది. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌గా వేసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని రాస్తారు. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవాళ్లలో ఈ ఎఫ్‌ఎన్‌యూ సంగతి తెలియనివాళ్లు అరుదు. అదే పేరు డ్రైవింగ్ లైసెన్సులోకీ ఎక్కింది. ఆమె అలా వెతకగానే కనపడింది. వేలిముద్రలు, ఫొటో, సామాను అప్పగింత ముగిసి బుకింగ్ పూర్తయ్యేదాకా పేరు జాబితాలోకి రాదని కూడా ఆమే చెప్పింది. ఇదంతా పైసా ఖర్చు లేకుండా నాలుగు నిమిషాల్లో తేలింది. షెరిఫ్ ఆఫీసుల సైట్లలో ఖైదీల జాబితా ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చన్న సంగతి మీకు తెలియనిది కాదు. ఆ మాట మీ సైటులో ఒక్క చోట ఉన్నా ఆ రాత్రి ఇంకోలా గడిచేది.

ఇంతకీ మావాడి నేరం లైసెన్సు గడువు దాటినా చూసుకోకపోవడం. జార్జియాలో ట్రాఫిక్ తప్పులు కూడా మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కిందికే వస్తాయి, అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది. వాడు చేసింది తప్పే, ఆ మాట వాడికి గట్టిగానే చెప్పాను. ఆదివారం ఉదయం బాండు కట్టి తెచ్చుకున్నాం. కోర్టు తేదీ అక్టోబరులో ఉంది.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మొన్న శుక్రవారం బయటపడింది. అనుమానంతో వాడి పేరు మళ్లీ మీ సైటులో కొట్టి చూశాను. ఇప్పుడు వాడి లైసెన్సు బుకింగూ, ఆ మరో మనిషి దాడి కేసూ ఒకే ప్రొఫైలులో, ఒకే ఫొటో కింద ఉన్నాయి. ఆ ఫొటో మావాడిది. వచ్చే మేలో వాడి చదువు అయిపోతుంది, ఉద్యోగాలు వెతుక్కోవాలి. ఇంటర్వ్యూకి పిలిచే ముందు ఎవరైనా ఆ పేరు కొడితే, మారణాయుధం పట్టుకున్నవాడిగా వాడి మొహం కనపడుతుంది. ఉద్యోగాలకు, అద్దె ఇళ్లకు ఈ సమాచారం వాడకూడదని మీరు అడుగున సన్న అక్షరాల్లో రాసుకున్నారు. చూసినవాళ్లు మర్చిపోతారా?

ఇదే వ్యాపారంలో ఉన్న రెండు కంపెనీలు 58 లక్షల డాలర్లు కట్టేలా 2023 సెప్టెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చేసిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఉన్నది ఉత్త ట్రాఫిక్ టికెట్ అయినా నేర చరిత్ర ఉన్నట్టు నమ్మించారన్నది వాళ్ల మీద ఆరోపణల్లో ఒకటి.

కాబట్టి నేను కోరేది ఇది. మావాడి ప్రొఫైలులోంచి ఆ దాడి కేసు వెంటనే తీసేయండి, తీసేసినట్టు రాతపూర్వకంగా తెలపండి. పేరు ఒక్కటే కలిస్తే "దొరికింది" అని చూపించడం మానండి. పుట్టిన తేదీ కలవనప్పుడు అది వేరే మనిషిది కావచ్చని మొదటి పేజీలోనే, ఆ ఎర్ర అక్షరాలంత పెద్దగా రాయండి. బుకింగ్ తేదీ పైన పెట్టండి. కేసు ఏమైందో తెలియకపోతే తెలియదని రాయండి. అరెస్టయినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.

ఆ 41 ఏళ్ల మనిషి గురించి కూడా అడుగుతున్నాను, ఆయనెవరో నాకు తెలియకపోయినా. ఆయన పేజీలో "ఫొటో తొలగింపు, ప్రీమియం సేవ" అని మీ బటన్ ఒకటి ఉంది. కేసు కొట్టేసి, రికార్డు బయటివాళ్లకు కనపడకుండా నియంత్రణలోకి వెళ్లినవాళ్లు చట్టం చెప్పిన పద్ధతిలో రాతపూర్వకంగా అడిగితే 30 రోజుల్లో ఫొటో తీసేయాలనీ, దానికి డబ్బు తీసుకోకూడదనీ జార్జియాలో 2013 నుంచి చట్టం ఉంది. ఆ బటన్ తీసేయండి.

ఇక డబ్బు సంగతి. ఒక డాలరు కట్టిన వారానికి నా కార్డులోంచి 34 డాలర్ల 95 సెంట్లు పోయాయి. నెలనెలా పోతాయని ఆ రాత్రి నాకు కనిపించేలా ఎక్కడా చెప్పలేదు. రద్దు చేద్దామంటే బటన్ లేదు, ఫోన్ చేస్తే 40 నిమిషాలు పాట వినిపించారు. నెలవారీ చందాల షరతులు డబ్బు తీసుకునే ముందే స్పష్టంగా చెప్పాలనీ, ఆపడానికి తేలికైన దారి ఉండాలనీ 2010 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. మొత్తం 35 డాలర్ల 95 సెంట్లు వాపసు చేసి, నా చందా రద్దు చేయండి.

సెప్టెంబరు 22 లోపు జవాబు రాకపోతే ఈ ఉత్తరమే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ, జార్జియా అటార్నీ జనరల్ ఆఫీసులోని వినియోగదారుల రక్షణ విభాగానికీ పంపుతాను.

జవాబులో మా వదినకు కూడా ఒక పేరా రాయండి. రికార్డు తప్పని నేను ఎంత చెప్పినా ఆవిడకు నమ్మకం కుదరడం లేదు. "కంపెనీవాళ్లు రాశారు కదా" అంటోంది. అది తన కొడుకుది కాదని మీ కంపెనీ కాగితం మీద, మీ సంతకంతో ఉంటే ఆవిడకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు
(ఖాతా వివరాలు జత చేసిన రిపోర్టులో ఉన్నాయి)