ఫోను తెరుచుకునేటప్పటి బొమ్మను మార్చుకోబోతే

సంపాదకులకు,

అయ్యా,

స్మార్ట్‌ఫోను స్విచాన్ చేసింది మొదలు తెర తెరుచుకునేదాకా కదిలే బొమ్మను, అంటే బూట్ యానిమేషన్‌ను, నచ్చినట్టు మార్చుకోవడం చిటికెలో పని అని చెప్పే వీడియోలు మా ఊరి కుర్రాళ్ల ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. అందులో సగమే నిజమని, ఆ మిగతా సగం ఎక్కడ దెబ్బ కొడుతుందో నా ఫోను మీదనే తెలుసుకున్నానని మీ పాఠకులకు చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు చేరింది. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ఫోనులో ఇంగ్లీషు, ఇదీ ఇక్కడ మా వరస. వెనకటి కీప్యాడ్ నోకియా ఫోన్లలో స్విచాన్ చేయగానే రెండు చేతులు కలిసే బొమ్మ వచ్చేది. మనకు కావలసిన స్వాగత వాక్యం రాసుకునే వీలు సెట్టింగుల్లోనే ఉండేది. అందులో ఇంగ్లీషు అక్షరాలతో ‘నమస్కారం’ అని కొట్టుకుని సంబరపడినవాణ్ణి నేను. ఇప్పటి ఫోనులో దాన్ని తెలుగులోనే చూసుకోవాలని నాకు కోరిక, చేసి చూపించాలని మా మేనల్లుడికి ఉబలాటం.

బొమ్మ తయారు చేయడం నిజంగా తేలికే. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఈ యానిమేషన్ ఒక జిప్ ఫైలు, అంటే చాలా ఫైళ్లను కలిపి కట్టిన మూట. అందులో వరుసగా పీఎన్‌జీ బొమ్మలు, వాటితోపాటు తెర వెడల్పు, ఎత్తు, సెకనుకు ఎన్ని బొమ్మలు నడవాలి, ఏ భాగం ఎన్నిసార్లు తిరగాలి అన్న లెక్కలు రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటాయి. ఏళ్ల తరబడి బడిలో నల్లబల్ల మీద రాసిన చెయ్యి కనుక, తెల్లకాగితం మీద ఒక్కొక్క గీతా గీసి ఫొటో తీయించాను. న, మ, ఆ తరువాత ‘స్కా’లో ముందు స, దీర్ఘం, ఆఖరున కింద కవొత్తు, ఇలా సెకనుకు 30 చొప్పున మూడు సెకన్లకు 90 బొమ్మలు. అక్షరాలు ఇక్కడ బొమ్మలుగానే వెళ్తాయి. ఫాంటుతో పని లేదు, ఒత్తులు విడిపోతాయన్న భయం లేదు. తెలుగైనా, ఒడియా అయినా, సవర లిపి అయినా ఆ ఫోనుకు ఒకటే. కాబట్టి ఇందులో మన లిపికి సాంకేతికమైన అడ్డంకి ఉందని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

అడ్డంకి అంతా ఆ ఫైలు ఉన్న చోటుతోనే. అది సిస్టమ్ భాగంలో, అంటే ఫోనును నడిపించే సాఫ్ట్‌వేరు ఉండే చోట, ఉంటుంది. ఆ భాగం మొత్తానికీ కంపెనీ సీలు, అంటే లోపల ఏది మారినా ఫోను పసిగట్టే డిజిటల్ గుర్తు, వేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ సీలు తనిఖీ కట్టుదిట్టమైంది. దొంగ ప్రోగ్రాము లోపల దూరకుండా కాపాడేది అదే కనుక దాన్ని తప్పుపట్టను. కానీ ఒక్క బొమ్మ మార్చాలన్నా ఆ సీలే తెంచాలి: ఫోను తెరుచుకునేటప్పుడు మొదట నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాము తాళం తీయాలి (అన్‌లాక్ చేయాలి), సిస్టమ్ ఫైళ్లను కూడా మార్చే అధికారం వచ్చేలా ఫోనును రూట్ చేయాలి. అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోనులో ఉన్నదంతా చెరిగిపోతుందన్న సంగతి మావాడికి తెలుసు, నాకు చెప్పడం మరిచాడు. మనవరాలి అక్షరాభ్యాసం ఫొటోలు అలా పోయాయి.

ఆ తరువాత మొదటిసారి స్విచాన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. ఫోను చచ్చిపోయిందనుకున్నాను. “ఉండు మావయ్యా, లోపల నడుస్తోంది” అన్నాడు మావాడు. కాసేపటికి మామూలు తెర వచ్చింది. ఆ జిప్ ఫైలును కుదించకుండా కట్టాలట, కుదిస్తే బొమ్మలు కనబడవట. రెండోసారి అక్షరాలు కలగాపులగంగా వచ్చాయి. ఫోను ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది, అందువల్ల 1 తరువాత 2 రాక 10 వచ్చింది. 001, 002 అని పేర్లు మార్చాక సరిపోయింది. మూడోసారికి నమస్కారం వచ్చింది, కాదనను, ముచ్చటగానే ఉంది. అయితే దానికంటే ముందు, ఈ ఫోను అన్‌లాక్ అయి ఉంది, దీన్ని నమ్మడానికి లేదు అని అర్థం వచ్చే ఇంగ్లీషు హెచ్చరిక కొన్ని సెకన్లు నిలబడింది. అది స్విచాన్ చేసిన ప్రతిసారీ వస్తుంది. తెలుగు నమస్కారం కోసం ఇంత చేస్తే, ముందుగా పలకరించేది ఆ ఇంగ్లీషు మందలింపే అయింది. మర్నాడు పాతపట్నం బజారులో కూరలు కొని డబ్బు పంపబోతే, ఇలా సీలు తెంచిన ఫోనులో పని చేయనని చెల్లింపు యాప్ మొరాయించింది. కూరలమ్మి ముందు నిలబడి జేబులు తడుముకున్నాను.

కంపెనీలను నేను అడిగేది చిన్నది. మొదట కదలకుండా కనిపించే కంపెనీ ముద్ర వేరే చోట ఉంటుంది, దాని జోలికి ఎవరూ పోవద్దు. దాని తరువాత వచ్చే యానిమేషన్‌కు మాత్రం, సీలు వేసిన భాగానికి బయట, బొమ్మలు తప్ప ఏ ప్రోగ్రామూ చేరడానికి వీల్లేని చిన్న గది ఒకటి కేటాయించి, వాల్‌పేపరు మార్చుకున్నంత సులువుగా సెట్టింగుల్లో పెట్టవచ్చు. ఇది కొత్త ఊహ కూడా కాదు. ఆండ్రాయిడ్ తొలి రోజుల్లో సిస్టమ్ భాగానికి బయట కూడా ఈ ఫైలు కోసం వెతికే ఏర్పాటు ఉండేది, తరువాత తీసేశారు. అప్పటి రక్షణకు అది చాలలేదంటే ఒప్పుకుంటాను, కానీ కీప్యాడ్ ఫోను ఇచ్చిన సదుపాయం ఇంత తెలివైన ఫోను ఇవ్వలేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ప్రస్తుతానికి కంపెనీ సాఫ్ట్‌వేరునే తిరిగి ఎక్కించి, బూట్‌లోడర్‌కు మళ్లీ లాక్ వేయించాను. అందుకు ఫోను మరోసారి ఖాళీ అయింది, ఈసారి పోవడానికి ఏమీ మిగలలేదు లెండి. నాలాంటి సరదా ఉన్నవారు రూట్ జోలికి పోకుండా, సెట్టింగుల్లో లాక్ స్క్రీన్ మీద సొంత వాక్యం రాసుకునే చోటు ఉందేమో వెతుక్కోవచ్చు. నా ఫోనులో ఉంది. చేతిరాతా రాదు, కదలికా ఉండదు. తెలుగులో కొడితే మాత్రం ‘స్కా’ కింద ఒత్తు సరిగ్గానే పడుతోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా